వెలగని దీపాన్ని నమ్మవచ్చునా?

గేరు సూచిక దీపం మరమ్మతు: ఒక సైన్సు పాఠం

మన ఇళ్ళలో శుభకార్యం ముగిశాక పళ్ళెంలో నీళ్ళు పోసి, పసుపు, సున్నం కలిపి, ఆ ఎర్రనీళ్ళతో దిష్టి తీయడం అందరం ఎరిగిన ఆచారమే. పచ్చని పసుపునీళ్ళు సున్నం తగలగానే ఎర్రబడడానికి కారణం పసుపులోని కర్క్యుమిన్ అనే పదార్థం. అది ఆమ్ల ద్రవాలలో పచ్చగాను, క్షార ద్రవాలలో ఎర్రగాను కనిపిస్తుంది. ఇలా తన రంగు మార్చుకొని ద్రవం స్థితిని మనకు తెలియజేసే పదార్థాన్ని రసాయన శాస్త్రంలో సూచిక అంటారు. రసాయన పరిశోధకుడిగా నా పని చాలావరకు ఇటువంటి సూచికలతోనే సాగుతుంది. అయినప్పటికీ, సూచికను ఎప్పుడు నమ్మాలి, ఎప్పుడు నమ్మరాదు అనే విషయాన్ని నాకు మళ్ళీ నేర్పింది ప్రయోగశాల కాదు. మా పాత పికప్ ట్రక్కులో గేరు రాడ్డు చివరనున్న ఒక చిన్న దీపం, ఆ ట్రక్కును నడుపుతున్న మా అమ్మాయి.

ఆ దీపం ఎందుకు వెలగలేదో, లోపాన్ని ఏ క్రమంలో వెదికామో, చివరకు ఏమి బయటపడిందో ఈ వ్యాసంలో వివరిస్తాను. ఇంట్లో ఒక మల్టీమీటరు, కొంచెం ఓపిక ఉన్న వారెవరైనా ఈ పరీక్షలు చేయవచ్చును. తీగల అమరిక ఒక్కొక్క బండికి ఒక్కొక్క విధంగా ఉంటుంది కనుక మీ బండి మరమ్మతు పుస్తకాన్ని దగ్గర ఉంచుకోవడం అవసరం. వెదికే పద్ధతి మాత్రం అన్ని బండ్లకూ ఒక్కటే.

ట్రక్కు, దీపం, ఒక ఫిర్యాదు

మేము ఒహాయో రాష్ట్రంలో నివసిస్తున్నాము. మా తెలుగు సంఘం ఉగాదికి, దసరాకు వేదిక సామాను, వంటపాత్రలు, బొమ్మల కొలువు మెట్లు చేరవేయడానికి ప్రతి ఏడూ అద్దె బండి వెదకవలసి వచ్చేది. ఆ ఇబ్బంది తీరుతుందని 2019లో ఒక పాత పికప్ ట్రక్కు కొన్నాను. అది 2002వ సంవత్సరపు నమూనా. కొన్ననాడు మా శ్రీమతి ఎర్రనీళ్ళతో దిష్టి తీసి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించింది.

అది ఆటోమాటిక్ గేర్ల బండి. గేరు రాడ్డు స్టీరింగు పక్కనే ఉంటుంది. దాన్ని కదిలిస్తే ఎదురుగా ఉన్న పలకలో పి, ఆర్, ఎన్, డి అనే అక్షరాల మీదుగా ఒక ముల్లు జరుగుతుంది. రాడ్డు చివర ఒక బటన్, దాని పక్కన ‘ఓవర్‌డ్రైవ్ ఆఫ్’ అని చూపే చిటికెన వేలి గోరంత దీపం ఉన్నాయి. మన ఊళ్ళలో ఇండికేటర్ అనగానే మలుపు తిరిగేటప్పుడు మిణుకుమనే పక్క దీపం గుర్తుకు వస్తుంది. ఇక్కడ చెప్పేది దాని గురించి కాదు, గేరు సంగతి తెలిపే ఈ దీపం గురించి.

ఓవర్‌డ్రైవ్ అంటే మా ట్రక్కులోని నాలుగవ గేరు. దాని నిష్పత్తి 0.70. అంటే ఇంజను 70 చుట్లు తిరిగితే గేరుపెట్టె నుంచి బయటకు వచ్చే ఇరుసు 100 చుట్లు తిరుగుతుంది. హైవే మీద ఇంధనం ఆదా చేయడానికి ఇది ఉపయోగిస్తుంది. బరువు లాగేటప్పుడు, కొండ ఎక్కేటప్పుడు ఈ గేరు వద్దనుకొంటే బటన్ నొక్కాలి. అప్పుడు దీపం నిలకడగా వెలుగుతుంది. ఈ దీపానికి మరొక బాధ్యత కూడా ఉంది. గేరుపెట్టెను అదుపు చేసే కంప్యూటరు లోపల ఏదైనా దోషాన్ని కనిపెడితే, ఇదే దీపాన్ని ఆర్పుతూ వెలిగిస్తూ మనల్ని హెచ్చరిస్తుంది.

2023 శీతాకాలంలో, 17 ఏళ్ళ మా అమ్మాయి ఈ ట్రక్కు నడపడం మొదలుపెట్టింది. వారం గడవకముందే ఫిర్యాదు చేసింది.

“నాన్నా, గేరు మారినప్పుడల్లా బండి కుదుపుతోంది.”

“యాక్సిలరేటరు మీద కాలు కాస్త తేలికగా వెయ్యి తల్లీ. కొత్త కదా, అలవాటవుతుంది.”

“నేను మెల్లగానే తొక్కుతున్నాను నాన్నా.”

“బండిలో లోపముంటే దీపం మిణుకుమని చెప్పేది కదా అమ్మా! అది ఏమీ చెప్పడం లేదు.”

ఇదే సంభాషణ మా ఇంట్లో రెండు నెలలపాటు సాగింది. ఒకనాడు అమ్మాయి ఇంటికి వచ్చి, తాళాలు బల్ల మీద పెట్టి, “నాన్నా, ఆ దీపం అసలు వెలుగుతుందా? ఇవాళ బటన్ నొక్కి చూశాను. అప్పుడు కూడా వెలగలేదు” అంది.

నేను సమాధానం చెప్పలేకపోయాను. ప్రయోగశాలలో విద్యార్థులను నేను ఎన్నోసార్లు అడిగిన ప్రశ్న అది.

మౌనానికి రెండు అర్థాలు

ఫినాల్ఫ్తలీన్ అనే సూచికను చాలామంది హైస్కూలులో చూసే ఉంటారు. ఆమ్లంలో దానికి రంగు ఉండదు, క్షారంలో గులాబి రంగు వస్తుంది. ఒక విద్యార్థి గాజుపాత్ర చూపించి, “రంగు రాలేదు కనుక ఇది ఆమ్లం” అంటే, “సూచికను వేశావా?” అని మొదట అడగాలి. వేయడం మరచిపోయినా రంగు రాదు. అంతేకాదు, మిక్కిలి గాఢమైన క్షారంలో ఫినాల్ఫ్తలీన్ వచ్చిన రంగును కూడా కోల్పోతుంది. కనుక రంగు లేకపోవడానికి కారణాలు అనేకం. అందువల్లనే మేము ప్రతి పరీక్షకు ముందు, తప్పక రంగు రావలసిన ద్రవంలో సూచికను వేసి చూస్తాము. అక్కడ రంగు వచ్చిన తరువాతనే, మరొక చోట రంగు రాలేదన్న మాటకు విలువ.

వాహనాలను తయారు చేసేవారు కూడా ఈ నియమాన్ని పాటించారు. తాళం తిప్పి ఇంజను ఇంకా స్టార్టు చేయక మునుపు, పలకలోని హెచ్చరిక దీపాలు సాధారణంగా వెలుగుతాయి. అది అలంకారం కాదు. “మేము ప్రాణంతో ఉన్నాము, ఇక మా మౌనాన్ని నమ్మవచ్చు” అని అవి చెప్పే హామీ. ఆ క్షణంలో వెలగని దీపం తరువాత వెలగలేదని ధైర్యపడడం, చెవిటివాడిని కాపలా పెట్టి దొంగలు రాలేదనుకోవడం వంటిది. నేను చేసిన పొరపాటు అదే.

మొదట గుర్తించవలసిన తేడా

గేరు దగ్గర ఉండే దీపాలు రెండు రకాలు. మొదటిది వెలుగునిచ్చే దీపం. రాత్రివేళ పి, ఆర్, ఎన్, డి అక్షరాలు కనబడేలా వెనుక నుంచి కాంతి ప్రసరిస్తుంది. హెడ్‌లైట్లు వేస్తేనే ఇది వెలుగుతుంది. రెండవది వార్తనిచ్చే దీపం. గేరుపెట్టె స్థితిని బట్టి వెలుగుతుంది, ఆరుతుంది. మన బండిలో పని చేయనిది ఏ రకమో నిర్ణయించుకొన్నాకనే చేతిలోకి పనిముట్టు తీసుకోవాలి.

మొదటి రకం వెలగకపోతే, పలకలోని మిగిలిన దీపాలు కూడా మసకగా ఉన్నాయేమో చూడాలి. అన్నీ కలసి ఆరిపోతే తప్పు వాటన్నిటికీ ఉమ్మడిగా ఉన్న చోట, అంటే ఫ్యూజులోనో, కాంతిని తగ్గించే చిన్న చక్రంలోనో ఉంటుంది. ఆ చక్రాన్ని ఎవరో పొరపాటున పూర్తిగా కిందికి తిప్పి ఉంటే అసలు మరమ్మతే అక్కరలేదు, పైకి తిప్పితే చాలు. ఒక్క దీపమే వెలగకపోతే దాని బల్బును, దాని తీగలను అనుమానించాలి. మాది రెండవ రకం.

ముందు జాగ్రత్తలు

బండిని చదునైన చోట నిలిపి, పార్కింగ్ బ్రేకు వేసి, చక్రాలకు అడ్డుచెక్కలు పెట్టాలి. గేరు రాడ్డును కదిలించి పరీక్షించేటప్పుడు ఇంజను ఆగి ఉండాలి. స్టీరింగులో ఎయిర్‌బ్యాగ్ ఉంటుంది. స్టీరింగు దగ్గరి మూతలు విప్పే ముందు బ్యాటరీ రుణ కొనను తీసివేసి, మరమ్మతు పుస్తకంలో చెప్పినంత సేపు ఆగాలి. పసుపుపచ్చని లేదా నారింజ రంగు కనెక్టర్లు సాధారణంగా ఎయిర్‌బ్యాగ్‌కు సంబంధించినవి. వాటిని ముట్టరాదు, మీటరు కొనలు ఆనించరాదు.

దారిని సగానికి సగం చేయడం

మా ట్రక్కులో ఈ దీపానికి కరెంటు వచ్చే దారి ఇది: బ్యాటరీ, తాళం స్విచ్చి, ఫ్యూజు, గేరు రాడ్డులోకి పోయే తీగ, బల్బు, అక్కడి నుంచి వెనక్కు వచ్చే తీగ, చివరకు కంప్యూటరు. దీపం వెలగాలనుకొన్నప్పుడు కంప్యూటరు ఆ చివరి తీగను ఎర్త్‌కు కలుపుతుంది. ఈ గొలుసులో ఒక్క లంకె తెగినా దీపం వెలగదు. ఒక కొస నుంచి ఒక్కొక్క లంకెనూ విప్పుకొంటూ పోవడం శ్రమ. ఏ ఒక్క పరీక్షతో సగం గొలుసు నిర్దోషి అని తేలుతుందో ఆ పరీక్షను ముందుగా చేయడం వివేకం.

మొదటి పరీక్షకు పనిముట్టే అక్కరలేదు. హైవే మీద గంటకు 60 మైళ్ళ వేగంతో పోతున్నప్పుడు ఇంజను నిమిషానికి సుమారు 1,800 చుట్లు తిరుగుతోంది. అమ్మాయి బటన్ నొక్కింది. ముల్లు 2,600 దగ్గరకు ఎగిసింది. 1,800ను 0.70తో భాగిస్తే వచ్చేది 2,571. అంటే బటన్ పని చేస్తోంది, దాని తీగ బాగుంది, కంప్యూటరు ఆజ్ఞను విని ఓవర్‌డ్రైవ్‌ను తొలగించింది. ఇంత జరిగినా దీపం వెలగలేదు కనుక లోపం దీపానికి చెందిన దారిలోనే ఉందన్నమాట. చిన్న భాగహారంతో అనుమానితుల సంఖ్య సగానికి తగ్గింది.

రెండవది ఫ్యూజు. కంటితో చూసి బాగుందనుకోక, తాళం తిప్పి ఉంచి, ఫ్యూజు రెండు కొనల వద్దా వోల్టేజి కొలవాలి. మాకు రెండు వైపులా 12.4 వోల్టులు వచ్చింది. ఒకవైపు ఉండి మరొకవైపు లేకపోతే ఫ్యూజు కాలిపోయినట్లే. ఫ్యూజు రంగు దాని సామర్థ్యాన్ని చెబుతుంది: ఎరుపు 10, నీలం 15, పసుపు 20 ఆంపియర్లు. కాలిన ఫ్యూజు స్థానంలో అంతే సామర్థ్యం గల ఫ్యూజునే పెట్టాలి. మళ్ళీ కాలిపోతే, ఎక్కడో తీగ ఒరుసుకొని బాడీని తాకుతోందని అర్థం. పెద్ద ఫ్యూజు పెడితే ఈసారి కాలేది ఫ్యూజు కాదు, తీగ.

మూడవది బల్బు. దాని మీద 14 వోల్టులు, 0.1 ఆంపియరు అని గుర్తు. ఓమ్ సూత్రం ప్రకారం నిరోధం 140 ఓములు ఉండాలి. కాని మీటరు 12 ఓములే చూపింది. అమ్మాయి “బల్బు పాడయింది” అంది. బల్బులో లోపం లేదు. లోహం వేడెక్కే కొద్దీ దాని నిరోధం పెరుగుతుంది. బల్బులోని టంగ్‌స్టన్ తంతువు వెలిగేటప్పుడు 2,000 డిగ్రీల సెల్సియస్‌ను మించి వేడెక్కుతుంది. చల్లగా ఉన్నప్పటి నిరోధానికి అది సుమారు పది, పన్నెండు రెట్లు. కనుక చల్లని బల్బుకు 12 ఓములు సహజమే. తంతువు తెగి ఉంటే మీటరు అనంతమైన నిరోధాన్ని చూపేది. టంగ్‌స్టన్ 3,422 డిగ్రీల వద్ద గాని కరగదు, అయినా వేడికి కొద్దికొద్దిగా ఆవిరై గాజు లోపలి వైపు పేరుకొంటుంది. పాత బల్బు గాజు నల్లబడితే కాలం చెల్లుతోందని గ్రహించాలి.

మీటరు చెప్పిన సగం నిజం

నాలుగవ పరీక్ష మమ్మల్ని కొంతసేపు తికమకపెట్టింది. బల్బు తీసివేసి, దాని హోల్డరులో వోల్టేజి కొలిస్తే 12.3 వోల్టులు వచ్చింది. కరెంటు ఉంది, బల్బు బాగుంది, అయినా వెలగదు. కంప్యూటరుతో పని లేకుండా, బల్బు రెండవ కొనను వేరే తీగతో నేరుగా బాడీకి ఎర్త్ చేసినా వెలగలేదు.

ఇక్కడ మీటరు స్వభావాన్ని అర్థం చేసుకోవాలి. డిజిటల్ మల్టీమీటరు లోపలి నిరోధం సాధారణంగా ఒక కోటి ఓములు. అది దాదాపు కరెంటునే తీసుకోదు. తీగలోని పోగులన్నీ తెగి, మధ్యలో చిలుము పట్టి, అక్కడ 5,000 ఓముల నిరోధం ఏర్పడిందనుకొందాం. కోటి ఓముల మీటరు ముందు 5,000 లెక్కలోకి రాదు, అందుచేత మీటరు పూర్తి వోల్టేజి చూపుతుంది. కాని 12 ఓముల బల్బును కలిపితే, 12 వోల్టులలో దానికి దక్కేది ఒక వోల్టులో నూరవ వంతులు రెండో మూడో మాత్రమే. మిగిలినదంతా ఆ చిలుము దగ్గరే ఖర్చవుతుంది. ఎండిన కాలువ తూము దగ్గర చెంబెడు నీళ్ళు కనిపించినంత మాత్రాన మడి తడవదు. కనుక వోల్టేజిని బల్బు కలిపి ఉండగా కొలవాలి. మేము అలా కొలిచినప్పుడు 12.3 కాస్తా సున్నాకు పడిపోయింది. తీగ ఎక్కడో తెగిందని తేలింది.

ఇక్కడ ఒక హెచ్చరిక. పాతకాలపు పరీక్ష బల్బును కంప్యూటరుకు పోయే తీగలకు తగిలించరాదు. అది లాగే కరెంటుకు కంప్యూటరు లోపలి సున్నితమైన భాగాలు దెబ్బతినవచ్చును.

తెగిన చోటు

మీటరు కలిపి ఉంచి, అమ్మాయి గేరు రాడ్డును పి నుంచి డి దాకా నెమ్మదిగా కదిలించింది. ఆర్ దాటుతుండగా మీటరు అంకె ఒక్కసారి ఎగిసి పడింది. “అక్కడే నాన్నా!” అంది. మూత విప్పి చూస్తే, రాడ్డు స్టీరింగు స్తంభంలోకి ప్రవేశించే మెలికలో నాలుగు సన్నని తీగలు వంగి ఉన్నాయి. వాటిలో ఒకదాని పైతొడుగు చిట్లి, లోపలి రాగి పోగులు తెగి పచ్చగా చిలుము పట్టి ఉన్నాయి.

ఎందుకు తెగింది? రాగి మెత్తని లోహమే. కాని ఒకే చోట పదే పదే వంచితే దాని స్ఫటిక నిర్మాణం బిగుసుకొని పెళుసెక్కుతుంది. ఇనుప తీగను అటూ ఇటూ వంచి చేత్తో తెంచడం మనకు తెలిసినదే. రోజుకు నాలుగుసార్లు బండి తీసి, ప్రతిసారి రాడ్డును ఒకసారి డి లోకి, ఒకసారి పి లోకి కదిలించినా రోజుకు 8 సార్లు, ఏడాదికి 2,920 సార్లు, 20 ఏళ్ళలో 58,400 సార్లు ఆ తీగ వంగుతుంది. తెగడంలో ఆశ్చర్యం లేదు.

అతుకు వేయడంలో కూడా ఒక సూక్ష్మం ఉంది. తెగిన చోటనే టంకం పెడితే ఆ భాగం కర్రలా బిగుసుకొంటుంది, కొద్ది నెలలలో దాని అంచున మళ్ళీ తెగుతుంది. అందువల్ల మెలికలో ఉన్న ముక్కను పూర్తిగా తీసివేసి, సన్నని పోగులు ఎక్కువగా గల మెత్తని కొత్త తీగను వేసి, అతుకులు మెలికకు దూరంగా, కదలని చోట వచ్చేలా చూశాము. వేడికి ముడుచుకొనే గొట్టాన్ని అతుకుల మీద తొడిగి, తీగ లాగుకోకుండా కొంచెం వదులు ఉంచాము.

దీపం మాట్లాడింది

తాళం తిప్పగానే దీపం వెలిగి, రెండు క్షణాలకు ఆరింది. అమ్మాయి చప్పట్లు కొట్టింది. ఇద్దరం కలసి ఊళ్ళోకి బయలుదేరాము. రెండు వీధులు దాటామో లేదో, దీపం మిణుకుమనడం మొదలుపెట్టింది. ఆగలేదు. ఎన్నాళ్ళుగానో నోరు కట్టేసిన సాక్షికి నోరు వచ్చినట్లయింది.

అమెరికాలో 1996 నమూనా నుంచి కార్లు, తేలికపాటి ట్రక్కులు అన్నింటిలోను లోపాల సంకేతాలను చదవడానికి స్టీరింగు కింది భాగంలో ఒకే రకమైన కనెక్టరు ఉంటుంది. చవకగా దొరికే చదువరి యంత్రాన్ని తగిలిస్తే పి 0705 అనే సంకేతం వచ్చింది. గేరు రాడ్డు ఏ స్థానంలో ఉందో కంప్యూటరుకు తెలిపే సెన్సారు వలయంలో లోపముందని దాని భావం.

ఆ సెన్సారు గేరుపెట్టె పక్కన, బండి అడుగున ఉంటుంది. ఒహాయోలో శీతాకాలమంతా మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పునీరు కనెక్టరులోకి చేరింది. విప్పి చూస్తే పక్కపక్కన ఉన్న లోహపు సూదుల చుట్టూ పచ్చని పొడి. రసాయన శాస్త్రం చదివినవారికి ఇది పరిచితమైన దృశ్యమే. ఉప్పునీటిలో రెండు లోహపు కడ్డీలు ముంచి వాటి మధ్య వోల్టేజి పెడితే, ధన కడ్డీ నుంచి లోహం కరగడం మొదలవుతుంది. కనెక్టరులో ఏర్పడింది అటువంటి విద్యుద్విశ్లేషణ ఘటమే. కరిగిన రాగి, ఉప్పులోని క్లోరైడు, నీరు, గాలి కలసి ఆ పచ్చని పదార్థాన్ని తయారు చేశాయి.

సెన్సారు నుంచి తప్పుడు సమాచారం వస్తే కంప్యూటరు జాగ్రత్త కోసం గేరుపెట్టెలో నూనె పీడనాన్ని పెంచుతుంది. లోపలి పలకలు జారిపోకుండా అది కాపాడుతుంది. కాని గేరు మారినప్పుడల్లా కుదుపు వస్తుంది. మా అమ్మాయి రెండు నెలలుగా చెబుతున్న కుదుపు అదే. అంతకన్నా ఆందోళన కలిగించిన విషయం మరొకటి తెలిసింది. మా ట్రక్కులో వెనక్కు నడిపేటప్పుడు వెలిగే తెల్లని దీపాలకు కరెంటు కూడా ఈ సెన్సారు గుండానే పోతుంది. ఆర్ లో పెట్టి చూస్తే అవి వెలగడం లేదు. చీకటి పడ్డాక, ఇరుగుపొరుగు పిల్లలు సైకిళ్ళు తొక్కే వీధిలోకి మా అమ్మాయి ఎన్నిసార్లు ఆ దీపాలు లేకుండా బండిని వెనక్కు తీసిందో లెక్క లేదు.

కొత్త సెన్సారు బిగించి, కనెక్టరును విద్యుత్ భాగాల కోసం అమ్మే ద్రావకంతో శుభ్రపరచి, ఆరబెట్టి, నీరు చేరకుండా సిలికోన్ గ్రీజు రాశాము. రాగి చెంబును చింతపండుతో తోమే అలవాటు కొద్దీ “చింతపండు రుద్దితే మెరిసిపోతుంది కదా” అని మా శ్రీమతి అడిగింది. మెరిసే మాట నిజమే. చింతపండులోని టార్టారిక్ ఆమ్లం చిలుమును కరిగిస్తుంది. చెంబును తరువాత నీళ్ళతో కడుగుతాము. కనెక్టరు సందులలో మిగిలిపోయిన ఆమ్లాన్ని కడగలేము, అది లోహాన్ని తింటూనే ఉంటుంది. వంటింటి రసాయన శాస్త్రం వంటింట్లోనే మేలు.

‘పి’ అక్షరాన్ని నమ్మవచ్చునా?

దీపం వెలిగినప్పుడు కూడా అది చెప్పేది ఎంతవరకు నిజమో ఆలోచించాలి. గేరు స్థానాల వరుసను, వాటిని డ్రైవరుకు కనబడేలా చూపడాన్ని అమెరికా ఫెడరల్ వాహన భద్రతా ప్రమాణాలలో 102వ ప్రమాణం నిర్దేశిస్తుంది. కాని చాలా బండ్లలో పలక చూపేది రాడ్డు స్థానాన్ని మాత్రమే. రాడ్డుకు, గేరుపెట్టెకు మధ్య ఒక కేబుల్, దాని చివర ఒక చిన్న ప్లాస్టిక్ బుష్ ఉంటాయి. ఆ బుష్ పాడయి ఊడిపోతే, పలక పి అని చూపుతున్నా లోపల చక్రాన్ని బంధించవలసిన ఉక్కు కొక్కెం పడదు. బండి దొర్లిపోతుంది. ఈ లోపం వల్లనే 2022 జూన్‌లో అమెరికాలో ఒక సంస్థ సుమారు 29 లక్షల వాహనాలను మరమ్మతుకు వెనక్కు పిలిచింది.

2016లో మరొక విధమైన సమస్య బయటపడింది. కొన్ని వాహనాలలో గేరు రాడ్డును ఏ స్థానానికి జరిపినా అది మళ్ళీ మధ్యకే వచ్చి నిలిచేది. ఏ గేరు పడిందో చేతి స్పర్శకు తెలియదు, వెలిగే అక్షరాన్ని చూసి తెలుసుకోవలసిందే. పి లో ఉందనుకొని దిగినవారి బండ్లు దొర్లిపోయాయి. ఆ ఏడాది ఏప్రిల్‌లో ప్రపంచవ్యాప్తంగా సుమారు 11 లక్షల బండ్లను వెనక్కు పిలిచారు. జూన్ 19న 27 ఏళ్ళ నటుడు ఆంటన్ యెల్చిన్ లాస్ ఏంజెలెస్‌లో తన ఇంటి వాకిట, తన బండే దొర్లివచ్చి మీద పడడంతో మరణించాడు. అది ఆ జాబితాలోని నమూనాయే.

కనుక దిగే ముందు పార్కింగ్ బ్రేకు వేయడం, నేల చదునుగా ఉన్నా సరే, ప్రతి ఇంట్లోను అలవాటు కావాలి. అది దీపం మీదా, ప్లాస్టిక్ బుష్ మీదా ఆధారపడని రెండవ సాక్ష్యం.

ఇంటిల్లిపాదీ గుర్తుంచుకోదగినవి

1. నెలకొకసారి తాళం తిప్పి, ఇంజను స్టార్టు చేయక ముందు హెచ్చరిక దీపాలన్నీ వెలుగుతున్నాయో లేదో చూడండి. వెలగని దీపం పేరు రాసుకోండి.

2. చాలా దీపాలు ఒకేసారి ఆరితే ఫ్యూజును, కాంతి తగ్గించే చక్రాన్ని చూడండి. ఒక్కటే ఆరితే బల్బును, దాని తీగలను చూడండి.

3. గేరు రాడ్డు కదిలినప్పుడు మాత్రమే దీపం ఆరుతూ వెలుగుతుంటే, వంగే చోట తీగ తెగిందేమో చూడండి.

4. నిలకడగా వెలిగే దీపానికి, మిణుకుమనే దీపానికి అర్థం వేరు. మీ బండి పుస్తకంలో ఆ పుటను చదివి ఉంచండి.

5. హెచ్చరిక దీపం చికాకుగా ఉందని బల్బు తీసివేయడం, దాని మీద టేపు అంటించడం ఎన్నడూ చేయకండి. పాత బండి కొనేటప్పుడు ఎవరైనా అలా చేశారేమో పరిశీలించండి.

6. బల్బు బదులు ఎల్.ఇ.డి. పెడితే, అది ఒక దిశలోనే కరెంటును పోనిస్తుంది కనుక వెలగకపోతే తిప్పి పెట్టి చూడండి.

ముగింపు

సెన్సారు మార్చిన తరువాత అమ్మాయి ట్రక్కును వీధి చివరిదాకా నడిపి వచ్చింది. కుదుపు లేదు. వెనక్కు తీసినప్పుడు తెల్లని దీపాలు వెలిగాయి. దిగుతూనే, “ఇప్పుడు నా కాలు తేలికయిందా నాన్నా?” అని అడిగింది. అడగడం న్యాయమే.

ఆ రెండు నెలలూ మా ఇంట్లో సూచికలు రెండు ఉన్నాయి. ఒకటి తీగ తెగిన దీపం, రెండవది స్టీరింగు ముందు కూర్చున్న పిల్ల. పని చేయని దాని మౌనాన్ని నమ్మి, పని చేస్తున్న దాని మాటను నేను తోసిపుచ్చాను. దీపాన్ని పరీక్షించి నమ్మాలని నాకు తెలుసు. పిల్లల మాటను కొట్టివేసే ముందు కూడా ఒకసారి పరీక్షించాలని తెలియలేదు. ఆ సాయంత్రం అమ్మాయికి క్షమాపణ చెప్పుకొన్నాను. ఆ తరువాత ఆమె బండిలో ఏదైనా తేడా ఉందంటే, ముందు మీటరు తెచ్చుకొంటున్నాను.